దిబ్బ మీద మాటల చుట్టరికాలు

నేను ఇంగ్లీషు మొదలుపెట్టింది బియ్యం బస్తా మీద. పందొమ్మిదివందల ముప్పైల మొదట్లో తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లులో గుమస్తాగా ఉండేవాణ్ణి. ధాన్యం తూకం, బియ్యం దిగుబడి, నూక, తవుడు, ఊక, అన్నిటి లెక్కా నాదే. వీధిబడిలో ఎక్కాలు వచ్చేదాకా చదివి మానేశాను. తక్కిన లెక్కలు పని చేస్తూ నాకు నేనే నేర్చుకున్నాను. అప్పటికి నా భార్య పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. మిల్లు వెనక వరసగదుల్లో ఒకదాంట్లో ఉండేవాణ్ణి. పగలంతా కాటా దగ్గర అంకెలు అరిచేవాణ్ణి కనక గొంతుకి పని ఉండేది. సాయంత్రం గది తలుపు తీశాక, మళ్ళీ మర్నాడు కాటా దగ్గర నిలబడేదాకా ఒక్క మాట ఆడే అవసరం వచ్చేది కాదు.

బస్తాల మీద నల్లసిరాతో ‘ఎక్స్‌పోర్ట్’ అని అచ్చు వేసి ఉండేది. అక్షరాలు కూడబలుక్కుని చదివేవాణ్ణి గాని అర్థం తెలియదు. ఒకరోజు స్టేషన్లో బస్తాలు గూడ్సుకి ఎక్కిస్తుంటే, ప్యాసింజరు కోసం నిలబడ్డ ఒకాయన కనిపించారు. పంచె మీద నల్లకోటు, చంకలో గొడుగు. చూస్తే బడిపంతుల్లా ఉన్నారు. వెళ్ళి అడిగాను.

“ఏవండీ, ఈ మాటకి అర్థం ఏమిటండీ?”

“పోర్ట్ అంటే మోయడం అండీ. లాటిన్ మాట. ఎక్స్ అంటే బయటికి. బయటికి మోసుకుపోయే సరుకు.”

“అయితే అదిగో, ఆ పోర్టరు?”

“మోసేవాడేగా.”

“ఇంపోర్టు?”

“లోపలికి మోసుకురావడం.”

“రిపోర్టు?”

“కబురు వెనక్కి మోసుకురావడం.”

“సపోర్టు?”

“కిందనుంచి మోయడం. ఏవండీ, మీరు నన్ను ఈ బండి ఎక్కనిచ్చేట్టు లేరే!”

బండి ఎక్కి కిటికీలోంచి నవ్వారు. నేను బస్తాల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. పన్నెండు, పద్ధెనిమిది, ముప్పై: చూడ్డానికి మూడూ వేరు. ఆరుతో భాగిస్తే శేషం లేకుండా తెగుతాయి, ఆరు వాటన్నిటికీ సామాన్య భాజకం. మాటలకి కూడా అలాంటి భాజకాలు ఉంటాయని నాకు ఆ రోజు దాకా ఎవరూ చెప్పలేదు. మిల్లులో ఎవరికైనా చెబుదామని చూశాను. జల్లెడ దగ్గర మేస్త్రీ ఓపిగ్గా విని, “బాగుందండీ, మరి ఆ తవుడు బస్తాలు ఎక్కడ వేయించమంటారు?” అన్నాడు.

ఆ నల్లకోటాయన ఇంకోసారి స్టేషన్లో కనిపించినప్పుడు తెలిసింది, కొల్లేటిలో ఒక లంక ఊళ్ళో మిషన్ బడి మేస్టారట. జీతం కోసం నెలకోసారి ఏలూరు వచ్చేవారు. ఆ రోజుకి నేనూ బండెక్కి ఏలూరు వెళ్ళడం మొదలుపెట్టాను. కాలవగట్టు మీద కూర్చునేవాళ్ళం. ట్రైనింగు బడిలో ఉన్నప్పుడు ఒక ముసలి దొర ఆయనకి కొంచెం లాటిన్ చెప్పాడట. ఆయన వెళ్ళేటప్పుడు నాకో ధాతువు ఇచ్చి వెళ్ళేవారు. దానికి పుట్టిన మాటలన్నీ నా అట్టలేని పాత డిక్షనరీలో వెతికి మళ్ళీ నెలకి ఒప్పజెప్పాలి. పెండ్ అంటే వేలాడటం. గడియారంలో పెండ్యులం వేలాడుతుంది, ఆఫీసులో పెండింగు కాగితం వేలాడుతుంది, సస్పెండ్ చేసిన ఉద్యోగిని వేలాడదీస్తారు. ఒకరి మీద డిపెండ్ అయినవాడు కూడా వేలాడుతున్నట్టే. ఇలా ఒక్కొక్కటి దొరికినప్పుడు గదిలో నేనొక్కణ్ణే నవ్వుకునేవాణ్ణి.

క్యాల్‌క్యులేట్ అనే మాటలో గులకరాయి ఉందని చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. రోమునగరం వాళ్ళు గులకరాళ్ళు పేర్చి లెక్కలు కట్టేవారట. ఆయన చేతిలో రోజూ అరిగే చాక్‌పీసు కూడా ఆ ఇంటిదేనట. నేను లెక్కలు నేర్చుకున్నది చింతగింజలతో. ఎక్కడో సముద్రాల అవతల ఎప్పుడో చచ్చిపోయినవాడెవడో నాలాగే నేలమీద కూర్చుని రాళ్ళు జరుపుతున్నట్టు అనిపించింది.

తప్పులు కూడా చేసేవాణ్ణి. రైసు, ప్రైసు ఒక ఇంటివని రాసుకుని వెళితే ఆయన గొడుగు మీద గడ్డం ఆనించి నవ్వారు. “మీ మిల్లులో చుట్టాలేనండీ గుమస్తాగారూ. మిల్లు దాటితే ఒకళ్ళ మొహం ఒకళ్ళకి తెలియదు.”

ఒక మాఘమాసంలో ఆయన ఏలూరు రాలేదు. సాయంత్రం బండిదాకా చూశాను. కాలవలో కొల్లేటి పడవలు దిగిన చోటికి వెళ్ళి అడిగితే ఒక పడవాయన చెప్పాడు.

“మేస్టారికి పెద్దమ్మవారు పోసిందండి. ఊరవతల దిబ్బ మీద పాక వేసి ఉంచారు.”

“భార్య దగ్గరుందా?”

“ఆవిడ పురిటికి కామవరపుకోట దగ్గర పుట్టింటికి వెళ్ళారు కదండీ. ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. ఆ కబురు వచ్చిన రెండోనాడే ఈయనకి జ్వరం.”

నా మొహం మీదా ఆ మశూచి మచ్చలే ఉన్నాయి. చిన్నప్పుడే పోసి పోయింది. ఒకసారి పోసినవాళ్ళకి మళ్ళీ పొయ్యదని అందరికీ తెలిసిందే. మిల్లు యజమానికి చెబితే, “వెళ్ళండి. ఆయనకి తగ్గి మూడో నీళ్ళు పోశాకే ఇటు రండి. ధాన్యం మీద చెయ్యేసే మనిషి మీరు,” అన్నాడు. అందులో తప్పేమీ లేదు.

బండి మీద కొల్లేటి గట్టు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి పడవలో ఆ ఊరు చేరాను. రేవులో ఊరిపెద్ద కండువా దులిపి అరుగు మీద వేసి కూర్చోమన్నాడు. చేపలు పట్టి బతికే ఊరు. క్రైస్తవుల ఇళ్ళు చివర నాలుగైదు. అప్పటికి ఊళ్ళో ఇంకెవరికీ పొయ్యలేదు.

“వెళితే మూడు నీళ్ళూ అయ్యేదాకా మళ్ళీ ఇవతలికి రాకూడదండి. మా పిల్లలున్నారు,” అన్నాడు.

“రాను.”

“బంధువులాండీ మీరు?”

“ఇంగ్లీషు చెప్పుకుంటామండీ,” అన్నాను. ఆయన నా మొహం మీది మచ్చలు చూసి, దోనె తెమ్మని కేకేశాడు.

తాటిదోనెలో నన్ను దాటించింది ఒక ముసలావిడ. ఆవిడ మొహం కూడా నా మొహంలాగే గుంటలు పడి ఉంది. అందుకే దిబ్బకి గంజి చేరవేసే పని ఆవిడకి అప్పగించారు. మధ్యలో గెడ ఆపి అంది:

“మీ స్నేహితుడికి తొందరగా తగ్గాలి బాబూ. అమ్మవారుండగా తాలింపు వెయ్యకూడదు కదా. మా ఊళ్ళో మూకుడు చప్పుడు విని ఎన్నాళ్ళయిందో. మగాళ్ళు చప్పిడి చేపలు తినలేక నామీద విసుక్కుంటున్నారు.”

“మేస్టారు క్రైస్తవులు కదండీ.”

“ఆ తల్లికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదేమో!” అని ఆవిడ గట్టిగా నవ్వి గెడ వేసింది.

ఆ దిబ్బ మామూలు రోజుల్లో వలలు ఆరేసుకునే చోటు. చుట్టూ మొలబంటి నీళ్ళు, నీళ్ళ అవతల రెల్లులాంటి కిక్కిస దుబ్బులు. తాటాకు పాకలో అరటాకుల మీద పడుకోబెట్టారు ఆయన్ని. పక్కన వేపమండలు. పొక్కుల్లో మొహం ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. రెప్పలు వాచి మూసుకుపోయాయి.

“ఎవరండీ?”

“గుమస్తానండీ. ఈ నెలకి మీరిచ్చిన ధాతువు ఒప్పజెబుదామని వచ్చాను.”

ఆయన నా గొంతు వచ్చినవైపు మొహం తిప్పారు. తర్వాత, “చెప్పండి మరి,” అన్నారు. ఆ నెల ధాతువు ‘స్పెక్ట్’, చూడటం. ఇన్‌స్పెక్టరు లోపలికి చూసేవాడు. సస్పెక్ట్ అంటే కిందనుంచి దొంగచూపు చూడటం. రెస్పెక్ట్ అంటే వెనుదిరిగి మళ్ళీ చూడటం. చూపు గురించిన మాటలు ఆయనకి అప్పుడు చెప్పవచ్చునా అని సందేహించాను గాని, నా దగ్గర వేరేవి లేవు.

మూడోనాడు టీకాల ఇన్‌స్పెక్టరు ఊళ్ళో పిల్లలందరికీ టీకాలు వేసి, తిరుగుదారిలో పడవ మా దిబ్బకి దూరంగా ఆపించి కేకలు వేశాడు. పొక్కులు ఎలా ఉన్నాయో, జ్వరం ఎంతుందో నేను ఇటునుంచి అరిచి చెప్పాను.

“ప్రాణానికి ఫరవాలేదు! కళ్ళు చూసుకోండి! గోకనిచ్చారంటే పోతాయి! ఐసొలేషన్ బాగా చేశారు!”

పడవ వెళ్ళిపోయింది. మేస్టారు లోపలినుంచి అడిగారు. “కళ్ళు అన్నాడా?”

“అన్నారు. గోకకపోతే ఫరవాలేదన్నారు.”

“కళ్ళు పోతే బడి లేదండీ నాకు. గుడ్డివాడికి బడి ఎవరిస్తారు? పిల్లని కూడా ఇంకా చూడలేదు.” మళ్ళీ తనే, “చివర్న ఇంకేదో అన్నాడు,” అన్నారు.

“ఐసొలేషన్.”

పొక్కుల కింద మొహం కదిలింది. అది నవ్వు అని తర్వాత తెలిసింది. “ఇన్సుల. లాటిన్లో లంక. ఐసొలేట్ చెయ్యడమంటే మనిషిని లంక చెయ్యడం. లంకలో కాపురమున్నవాణ్ణి మళ్ళీ లంక చేశారు చూడండి.”

“దాని పిల్లలు?”

“పెనిన్సులా. ఇంచుమించు లంక, ఒక్కవైపే నేల అంటి ఉంటుంది. టెలిగ్రాఫు స్తంభాల మీద తెల్ల పింగాణీ గిన్నెలుంటాయే, ఇన్సులేటర్లు. కరెంటు పక్కకి పోకుండా తీగని ఒంటరిగా ఉంచుతాయి.”

“ఐలాండు?”

“అది కాదండీ. అందరూ పొరబడేది అక్కడే. అది వేరే ఇంటి మనిషి. పక్కపక్కన ఉండి ఉండి వీళ్ళ బట్టలు కట్టుకుంది, అంతే.”

ఆ మాట చెబుతుండగానే ఆయన చెయ్యి కంటివైపు లేచింది. పట్టుకున్నాను. గుడ్డతో రెండు చేతులూ కట్టేస్తానన్నాను. చిన్నపిల్లలకి అలాగే కడతారు. ఆయన ఒప్పుకోలేదు.

“వద్దండీ. చేతులు కట్టుకుని నిలబడమని రోజూ పిల్లల్ని నేనంటాను. వాళ్ళు వింటే నా పరువేం కాను?”

అందుకని వేరే పద్ధతి పెట్టుకున్నాం. చెయ్యి లేవగానే నేనొక ధాతువు చెప్పాలి. ఆయన దాని పిల్లల్ని ఒక్కొక్కటే చెబుతూ వేళ్ళ గణుపుల మీద లెక్కపెట్టాలి. బొటనవేలు ఒక గణుపు మీంచి ఇంకో గణుపుకి జరుగుతున్నంతసేపూ ఆ చెయ్యి మొహం మీదికి పోదు. నేను మిల్లులో బస్తాలు లెక్కపెట్టే తీరు అది. మొదట్లో ఆయన తొందరగా ముగించేసేవారు. అలా కుదరదని, ప్రతి మాటకీ తాతముత్తాతల దాకా చెప్పించేవాణ్ణి. విజిట్ అంటే వెళ్ళి చూడటం. ప్రొవైడ్ అంటే ముందే చూసుకోవడం. ఎవిడెన్స్ అంటే కంటికి కనబడేది. అన్నీ ‘విడ్’ కడుపున పుట్టినవే, అదీ చూపే. చూపు మాటలే ఎక్కువ వస్తున్నాయని ఆయనే గమనించి, “మీరు కావాలని చేస్తున్నారా?” అన్నారు. కావాలని చెయ్యలేదు. వెతికితే చూడటానికి పుట్టినన్ని మాటలు ఇంక దేనికీ పుట్టలేదనిపించింది.

గంజి తెచ్చిన ముసలావిడ దోనెలోంచే వింటూ ఉండేది.

“ఏవండీ గుమస్తాగారూ, మీరిద్దరూ తిట్టుకుంటున్నారా, చదువుకుంటున్నారా?”

“చదువుకుంటున్నామండీ.”

“ఒళ్ళంతా పొక్కులు పెట్టుకుని చదువేంటి బాబూ! ఇది మా మనవడికి తెలిస్తే ఇంక బడి మొహం చూడడు.”

“అయితే చెప్పకండి,” అన్నారు మేస్టారు లోపలినుంచి. “వాడు ఇప్పుడు కూడా చూడటం లేదు.”

నాకు ఆ దిబ్బ మీద ఎలా ఉండేదో ఉన్నదున్నట్టు చెప్పాలి. పొద్దున లేవగానే మాట. గంజి తాగుతూ మాట. ఒకే కుండలోది ఇద్దరం తాగేవాళ్ళం. ఊళ్ళోనైతే ఎవరో ఒకరు కులం ఎత్తి అడ్డుచెప్పేవారు. మధ్యాహ్నం గూడబాతులు వరసకట్టి నీళ్ళ మీద వాలుతుంటే ఆయనకి కనబడదు కనక నేను ఎన్ని వాలాయో చెప్పేవాణ్ణి. నేను చెప్పిన దానికి ‘ఊఁ’ అనే మనిషి పక్కనున్నాడు. ఇంకెవరూ వచ్చి పలకరించడానికి వీల్లేని చోట, ఇద్దరం ఒళ్ళు వాసనతో, అంత నిండుగా నేను ఎప్పుడూ లేను. అలా అనిపిస్తున్నందుకు ఆయన మొహం వంక చూస్తే సిగ్గేసేది.

పొక్కులు చీము పట్టిన రోజుల్లో జ్వరం తలకెక్కింది. ధాతువు చెబితే ఆయన తెలుగు మాటలు అప్పజెప్పడం మొదలుపెట్టారు. పోర్ట్ అంటే పుట్ట, పుట్టి, పుట్టిల్లు అన్నారు. గణుపుల మీద బొటనవేలు మాత్రం క్రమం తప్పకుండా జరుగుతోంది. నేను దిద్దలేదు. ఔనండీ, ఇంకా చెప్పండి అన్నాను. పుట్టిల్లు దగ్గర ఆగి, భార్యని పిలిచి, పిల్లని ఎత్తి చూపించమన్నారు. ఇంకోసారి అడిగారు. నేను ఇంకో ధాతువు చెప్పాను.

ఆ మర్నాడు ముసలావిడ గంజితోపాటు ఒక ఉగ్గుగిన్నె తెచ్చింది. గిన్నె మీద తామరాకు కప్పి ఉంది.

“పాలు. మా వీధిలో పచ్చిబాలింత ఇచ్చింది. రెప్పలు విడదీసి కళ్ళల్లో చుక్కలు వెయ్యండి.”

“ఆవిడ ఎందుకిచ్చింది? మేస్టారికి దూరంగా ఉండాలన్న వాళ్ళే కదా?”

“దూరంగా ఉండే ఇచ్చింది కదా బాబూ. నేను దారిలో పట్టుకొచ్చాను,” అంది ఆవిడ, నాకు బొత్తిగా తెలివిలేదన్నట్టు.

తడిగుడ్డతో రెప్పలు నానబెట్టి, వేళ్ళతో విడదీసి వేశాను. ఎడమకన్ను ఎర్రగా ఉంది. కుడికంటి నల్లగుడ్డు మీదే చిన్న పొక్కు కనబడింది. అక్కడికి ఆయన చెయ్యి ఎప్పుడూ వెళ్ళలేదు. అది లోపలినుంచే లేచింది. ఏం కనిపించిందండీ అని ఆయన అడిగితే ఎడమది బాగుందన్నాను. ఆయన ఇంక రెండోదాని గురించి అడగలేదు. రోజూ ఆ పాలు వస్తూనే ఉన్నాయి.

జ్వరం దిగింది. పొక్కులు మాడి పక్కులు కట్టాయి. కొల్లేటి నీళ్ళు కూడా రోజురోజుకీ వెనక్కి పోయాయి. దిబ్బ అంచున నేను గుచ్చిన పుల్ల ఒకనాటికి ఒట్టి బురదలో నిలబడింది. ఊళ్ళోంచి కబురొచ్చింది, మొదటి నీళ్ళు పొయ్యవచ్చునని. ఎండలో కాగిన నీళ్ళల్లో వేపాకు, పసుపు వేసి పోశాను. రెండో నీళ్ళకి కొన్ని పక్కులు రాలాయి. మూడో నీళ్ళనాటికి ఆయన తన కాళ్ళ మీద వచ్చి పాక బయట పీట మీద కూర్చున్నారు. నీళ్ళు కారుతుండగా, మొహం తుడుచుకోకుండా, నెమ్మదిగా రెప్పలెత్తారు.

నేను ఎదురుగా నిలబడి వేళ్ళు చూపించాను. “ఎన్నండీ?”

కుడికన్ను అరచేత్తో మూసుకున్నారు. “మూడు. మధ్యవేలు గోటికి సిరా మరక కూడా ఉంది.” తర్వాత ఎడమది మూసుకున్నారు. నేను వేళ్ళు మార్చాను. ఆయన చాలాసేపు చూశారు.

“అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తోందండీ. అంతే.”

కుడికంట్లో తెల్లగా పువ్వు వేసింది. ఆయన ఏడుస్తారేమో అనుకున్నాను. పీట మీంచి లేచి నీళ్ళ దాకా వెళ్ళి, అటువైపు ఊరినీ, కిక్కిస దుబ్బుల్నీ, ఆకాశాన్నీ ఎడమకంటితో ఒక చివరనుంచి ఒక చివరిదాకా చూశారు. “సరిపోతుంది,” అన్నారు. “పిల్ల చిన్నదేగా. ఒక కన్ను సరిపోతుంది.”

ఆ సాయంత్రం గాలి మళ్ళగానే ఊళ్ళోంచి తాలింపు ఘుమఘుమ వచ్చింది. ప్రతి ఇంటా ఒకేసారి మూకుళ్ళు పెట్టినట్టున్నారు. ఇద్దరం ముక్కులు ఎగబీల్చి నవ్వుకున్నాం.

మరి రెండు రోజులకి ఆయన బావమరిది పెద్ద పడవ మాట్లాడుకుని వచ్చాడు. మిషన్ వాళ్ళు ఈయన్ని అత్తగారి ఊరికి దగ్గర్లో మెట్టమీద ఒక బడికి మార్చారట. ఒంటికన్నుతో పడవలెక్కి తిరగనక్కర్లేదని వాళ్ళ ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అక్కణ్ణుంచి ఏలూరు రావాలంటే రోజంతా బండి ప్రయాణం. జీతం కూడా అక్కడికే పంపిస్తామన్నారు. ఇదంతా బావమరిది గబగబా చెబుతూ పరుపుచుట్ట కడుతున్నాడు. మేస్టారు నావంకే చూస్తున్నారు.

“వచ్చే నెలకి ఏ ధాతువు ఇస్తున్నారండీ?” అన్నాను నేను.

“మీకు ఇంక నా అవసరం లేదండీ గుమస్తాగారూ. ఎలా వెతకాలో నాకంటే మీకే బాగా తెలుసు.”

అది నిజమే. వెతకడం నాకు వచ్చు. దొరికాక ఎవరికి చెప్పాలన్నదే నాకు తెలియనిది. వెళ్ళే మనిషి ముందు ఆ మాట అనకూడదు. “పిల్లని చూసి రండి,” అన్నాను, తిరిగి వచ్చే మనిషికి చెప్పినట్టు.

ముసలావిడ నన్ను రేవుకి దాటించడానికి దోనె తెస్తానంది గాని, పెద్ద పడవ కదిలేదాకా ఉంటానని నేను దిబ్బ మీదే నిలబడ్డాను. ఎండ కొట్టకుండా బావమరిది ఆయన్ని తెరచాప నీడలో కూర్చోబెట్టాడు. అలా కూర్చుంటే కుడివైపు నావైపు వచ్చింది. ఆ పక్కనుంచి ఆయనకి నేను కనపడను. గెడ వెయ్యగానే పడవ జారింది. కొంతదూరం పోయాక ఆయన మెడతోపాటు ఒళ్ళంతా తిప్పుకుని, ఎడమకంటిని ఇటు తెచ్చుకుని, దిబ్బవైపు వెతికారు. నేను చెయ్యెత్తాను. అంత దూరంలో నేను ఆ ఒక్క కంటికి ఆనుతున్నానో లేదో లెక్కకట్టలేకపోయాను. ఆయన అలా తిరిగే ఉన్నారు. పడవ కిక్కిస దుబ్బుల చాటుకి పోయేదాకా నేను చెయ్యి దింపలేదు.